దానియేలు అన్నయ్య విన్న చప్పట్లు

దానియేలు అన్నయ్య ఇక లేరన్న వార్త నాకు బడిలో, పిల్లలకు పాట నేర్పుతుండగా అందింది. ప్యూను వచ్చి ఆఫీసు గదిలో ఫోనుందన్నాడు. అవతల ఆయన తల్లి రూతమ్మ గారు. జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఎందరి ఇళ్ళకో ఇలాంటి వార్తలు తడబడకుండా చేరవేసిన మనిషి. ఆ అలవాటునే ఊతంగా పట్టుకుని, "సుగుణా, అబ్బాయి పొద్దున్నే పోయాడమ్మా. గుండె ఆగిపోయింది. బాధేం పడలేదు," అన్నారు. నేను ఏమీ అనకముందే, "నువ్వు అన్నం తిన్నాకే రా," అని పెట్టేశారు.

నేను మళ్ళీ తరగతిలోకి వెళ్ళాను. పాట ఎక్కడ ఆపానో గుర్తు లేదు. పిల్లలు నా ముఖం చూసి పాటల పుస్తకాలు మూసేశారు. నలభై మూడేళ్ళు మృత్యువుకు తగిన వయసు కాదు. అందులోనూ ఆయనకు. ఆయన జీవితంలో చెప్పవలసిన మాటలు, వినవలసిన మాటలు చాలా మిగిలిపోయాయని అప్పటికి నాకు సగమే తెలుసు.

ఢిల్లీలోని మన తెలుగువారిలో చాలామందికి ఆయన ఆదివారం ఆరాధనలో గాయకబృందాన్ని నడిపే మితభాషి. తెల్లచొక్కా, కొంచెం వంకరగా అతుక్కున్న ఎడమ మణికట్టు, పాట అయిపోగానే పక్క తలుపులోంచి వెళ్ళిపోయే మనిషి. కాని డెబ్బయిల్లోనూ ఎనభైల మొదట్లోనూ ఈ నగరంలో కాలేజీకి వెళ్ళిన వారెవరినైనా అడగండి. వాళ్ళకు ఆయన డానీ. మా బృందానికి మేము ఎన్నిసార్లు పేరు మార్చినా జనం పట్టించుకోలేదు. "డానీ కా బ్యాండ్" అనే అన్నారు. ఆ డానీ సంగతి తెలియనివారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రూతమ్మ గారు చీరాల ప్రాంతం నుంచి, భర్త పోయిన తరువాత, చిన్నపిల్లవాణ్ణి చంకనేసుకుని ఢిల్లీలో నర్సు ఉద్యోగానికి వచ్చారు. ఆ పిల్లవాడు ఆసుపత్రి క్వార్టర్లలో పెరిగాడు. తెలుగు ఆరాధనలో పాడాడు. స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక విదేశీ వైద్యురాలు తన గిటారును రూతమ్మ గారికి ఇచ్చి వెళితే, దాని మీద తనకు తానే చేయి తిప్పడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ప్రభుత్వ కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగం దొరికింది. పగలంతా గీతలు, సాయంత్రమంతా పాటలు. డ్రమ్స్ వాయించడానికి గుర్‌దీప్ దొరికాడు. జనక్‌పురికి అవతలి కాలనీలో టాక్సీ నడిపే సర్దార్జీ కొడుకు. గురుద్వారాలో ఢోలక్ వాయిస్తూ లయ నేర్చినవాడు. రూతమ్మ గారి చేతి పెరుగన్నానికి అలవాటు పడి, ఆమెను తెలుగులోనే "అమ్మా" అని పిలిచేవాడు. బేస్ గిటారుకు ఒక బెంగాలీ మిత్రుడు. ఎలక్ట్రిక్ ఆర్గన్‌కు మనిషి కావలసి వచ్చింది. ఆరాధనలో హార్మోనియం వాయించే నన్ను అడగడానికి ఆయన జనక్‌పురిలోని మా ఇంటికి స్వయంగా వచ్చారు.

రాక్ బృందమని వినగానే మా నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "రాక్ అంటే రాళ్ళని గదా అర్థం. జనం రాళ్ళేస్తారా ఏమిటి అక్కడ?"

"ఏస్తే ముందు నాకే తగుల్తాయండి," అన్నారు దానియేలు అన్నయ్య ఎంతో వినయంగా. "అమ్మాయి నా ఎనకాల కూర్చుంటుంది. చీకటి పడేలోపు నేనే తీసుకొచ్చి దింపుతాను, అంకుల్."

నాన్నగారు నవ్వేశారు. నా యౌవనం అలా మొదలైంది.

మా మొదటి కచేరీ ఒక కాలేజీ పచ్చికలో, శీతకాలపు మధ్యాహ్నం ఎండలో జరిగింది. జనం షామియానా కింద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. మా పాట వాళ్ళకు రోడ్డు మీద పోయే బస్సు చప్పుడుతో సమానం. నేను భయపడి ఆర్గన్ గొంతు పెంచాను. గుర్‌దీప్ ఇంకా గట్టిగా వాయించాడు. వాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడుకున్నారు. అప్పుడాయన వెనక్కి తిరిగి, అరచెయ్యి నేలవైపు చూపించారు. తగ్గించాం. ఇంకా తగ్గించమన్నారు. చివరికి గిటారు తీగ మీద వేలు జరిగిన చప్పుడు మాత్రమే మిగిలింది. ముందువరసలో ఒకమ్మాయి కబుర్లు ఆపి తలెత్తింది. ఆమె పక్కనున్నవాళ్ళు ఆమెను చూసి తలెత్తారు. గాలికి పైరు వంగినట్టు ఆ జనమంతా మా వైపు వంగడం నేను కళ్ళారా చూశాను.

ఇంటికి వస్తూ బస్సులో అడిగాను, అదెలా సాధ్యమైందని. "మనం గొంతు పెంచితే వాళ్ళూ పెంచుతారు సుగుణా. తగ్గిస్తే ముందుకొస్తారు. వాళ్ళు మన పాట వింటన్నారా లేదా అన్నది తరవాత. ముందు వాళ్ళని మనం వింటన్నామా?" అన్నారు. నా సంగీత విద్య అంతటిలోనూ ఇంతకు మించిన పాఠం నాకెవరూ చెప్పలేదు.

కళ్ళు మూసుకుని పాడే గాయకులంటే ఆయనకు గిట్టేది కాదు. "పిలిచి కూర్చోబెట్టి, తలుపేసుకున్నట్టుంటది," అనేవారు. ఆయన ముఖాలు చూస్తూ పాడేవారు. ఎవరో ఒకరి ముఖాన్ని ఎంచుకుని, ఆ ముఖం వెలిగేదాకా పాడి, తరువాతి ముఖానికి వెళ్ళేవారు. అందుకే వేలమందిలో ఎవరిని అడిగినా, డానీ ఆవేళ నా కోసమే పాడాడని చెప్పేవారు. అందులో అబద్ధం లేదు.

ఆయన కట్టిన హిందీ పాట ఒకటుండేది. ఆయన ఒక పాదం పాడి ఆగితే, జనం రెండే అక్షరాల జవాబు పాడాలి. ఎవరికీ నేర్పనక్కరలేదు, మొదటిసారి విన్నవాళ్ళు కూడా రెండో చరణానికి అందుకునేవాళ్ళు. ఆ పాట కోసమే ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మా వెంట తిరిగిన కుర్రకారు ఉన్నారు. వాళ్ళ పేర్లు తెలియకపోయినా ముఖాలు మాకందరికీ తెలుసు.

ఒకసారి ఆ పాట మధ్యలోనే ప్రమాదం ముంచుకొచ్చింది. వెనకనుంచి జనం తోసుకొచ్చేసరికి ముందున్న వెదురు దడి వంగిపోయింది. దానికి ఆనుకుని ఉన్న ఆడపిల్లల అరుపులు పాటలో కలిసిపోయి ఎవరికీ వినిపించడం లేదు. ఆయనకు వినిపించాయి. మైకులో ఏమీ అనలేదు. రెండు చేతులూ పైకెత్తారు. గుర్‌దీప్ డ్రమ్స్ ఆపాడు. తరువాత ఆయన వేదిక అంచున, కాళ్ళు వేలాడేసి, మెల్లగా కూర్చున్నారు. ముందువాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ వెనకవాళ్ళు కూర్చున్నారు. మైదానం చివరిదాకా జనం అలలు అలలుగా నేలకు దిగిపోయారు. పిల్లలను పక్కకు తీశాక, కూర్చునే పాట మొదలుపెట్టారు. అధికారం కాదది, అనుగ్రహం. అడగకుండానే జనం ఆయనకు ఇచ్చినది. అది తనదేనని ఆయన ఒక్కనాడూ అనుకోలేదు.

అల్లరీ తక్కువేం కాదు. ఒక ఉత్సవంలో మా ఆరాధనలో పాడే పంటల పండుగ కీర్తన ఒకదాన్ని వేగం పెంచి, గిటారు జోడించి పాడారు. అదేదో విదేశీ భాష అనుకుని కుర్రాళ్ళు వెర్రెత్తి ఆడారు. వెనక వరసలో కూర్చున్న రూతమ్మ గారు కచేరీ అయ్యాక వచ్చి, "ఒరేయ్, దేవుడి పాటకి ఆ గంతులేంట్రా?" అన్నారు.

"గంతులేస్తే దేవుడికి వినపడదా ఏంటమ్మా?"

"వినపడతదిలే," అని ఆమె చెంగుతో నోరు మూసుకున్నారు. నవ్వారో కోపగించారో మాకు తెలియలేదు. గుర్‌దీప్ మాత్రం ఆ కీర్తనను తెలుగులో నేర్చుకుని, మా అందరికంటే స్పష్టంగా పాడేవాడు.

ఇక, రాయడానికి చెయ్యి రాని సంగతి.

ఎనభై నాలుగు అక్టోబరు ఆఖరున ప్రధానమంత్రిని ఆమె సిక్కు అంగరక్షకులే హత్య చేశారు. మర్నాటికి ఈ నగరం తన ముఖం మార్చుకుంది. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. మా డాబా మీదనుంచి చూస్తే నాలుగు దిక్కులా పొగ. ఆ మధ్యాహ్నం దానియేలు అన్నయ్య సైకిలు వేసుకుని గుర్‌దీప్ ఇంటికి వెళ్ళారు. నేను అక్కడ లేను. ఇప్పుడు రాసేది ఆయన చెప్పినదీ, ఈ వారం గుర్‌దీప్ చెప్పినదీ.

ఇంట్లో గుర్‌దీప్, అతని తల్లి బీజీ, చెల్లెలు ఉన్నారు. తండ్రి టాక్సీ తీసుకుని పొద్దున వెళ్ళి తిరిగిరాలేదు. గుంపు పక్క వీధి దాకా వచ్చేసింది. వెనకింటి హిందూ కుటుంబం వీళ్ళను గోడ దాటించుకుని దాచడానికి ఒప్పుకుంది. కాని బీజీకి మోకాళ్ళు వంగవు. ఆమెను ఎత్తి గోడ మీదకు చేర్చడానికి వ్యవధి కావాలి. "మీరు ఎక్కించండి, నేను చూసుకుంటా," అని ఆయన బయటికి వెళ్ళారు. సందు మొదట సైకిలు అడ్డంగా పెట్టి నిలబడ్డారు.

గుంపు వచ్చింది. చేతుల్లో ఇనపకడ్డీలు, కిరోసిన్ డబ్బాలు. ఆయన రెండు చేతులూ పైకెత్తారు. ఎన్ని మైదానాలను నిశ్శబ్దం చేసిన చేతులవి! ఆవేళ వాటిని చూసినవాడు లేడు. అంతలో ముందున్న ఒక కుర్రాడు ఆగి, "అరే, యే తో డానీ హై!" అన్నాడు. ఆ ముఖం ఆయనకు తెలుసు. మా వెంట కాలేజీ కాలేజీకీ తిరిగిన ముఖం. అతడు ఎంతో మర్యాదగా, చేతిలో కడ్డీ వెనక్కి పెట్టుకుని, "డానీ భాయ్, ఆప్ ఘర్ జాయియే. యహాఁ ఆప్‌కా కోయీ కామ్ నహీఁ," అన్నాడు. ఇంటికి వెళ్ళండి, ఇక్కడ మీకేం పని లేదు అని.

వెనకనుంచి ఇంకెవడో నవ్వాడు. "గానేవాలా హై? తో ఏక్ గానా సునా దే!" పాడేవాడివా, అయితే ఓ పాట వినిపించు అని.

ఆయన పాడారు.

మైకు లేదు, గిటారు లేదు, వెనక మేమెవరమూ లేము. మొదట గొంతెత్తి పాడారట. ఎవరూ వినలేదు. అలవాటు కొద్దీ గొంతు తగ్గించారు. ముందువరస ముందుకు వంగింది. రెండో చరణానికి ఆ కుర్రాడు ఆ రెండక్షరాల జవాబు అందుకున్నాడు. అతనితో పక్కవాళ్ళు. తరువాత అందరూ. కొందరు చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీ లేనివాళ్ళు కడ్డీలను రోడ్డుకేసి కొడుతూ తాళం వేశారు.

ఎంతసేపో ఆయన ఎప్పుడూ చెప్పలేకపోయారు. చివరికి వెనకాల ఎవడో బూతుమాటతో అరిచాడు, గుంపు విదిలించుకున్నట్టు కదిలింది. ఆయనను తోసి, సైకిలు మీదుగా తొక్కుకుంటూ పోయారు. ఎడమ మణికట్టు విరిగింది. గుర్‌దీప్ ఇల్లు తగలబెట్టారు. ఇంట్లో ఎవరూ లేరు. కాని ఆ సాయంత్రం సర్దార్జీ తిరిగిరాలేదు. ఎప్పటికీ రాలేదు. శాంతి నెలకొన్నాక గుర్‌దీప్ తల్లినీ చెల్లెలినీ తీసుకుని లూధియానా వెళ్ళిపోయాడు.

దానియేలు అన్నయ్య మళ్ళీ వేదిక ఎక్కలేదు. మణికట్టు వల్లనని అందరం అనుకున్నాం, ఆయన అలాగే అనుకోనిచ్చారు. ఆరాధనలో గాయకబృందాన్ని నడపడానికి ఒప్పుకున్నారు. అక్కడ సభకు వీపు చూపించి నిలబడవచ్చు. ముఖాలు చూడనక్కరలేదు. ముఖాలు చూస్తూ పాడాలన్న మనిషి!

ఆయనతో పాటు ఏదో చర్చిలోకి వచ్చేదని నాకు తరచూ అనిపించేది. ఒక ఆదివారం కీర్తన మధ్యలో చర్చి కప్పు మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఆ రెక్కల చప్పుడు వినగానే ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. బృందం పాడుతూనే ఉంది, ఆయన చెయ్యి కదలడం లేదు. మా బడి పిల్లల వార్షికోత్సవాలకు పిలిస్తే వచ్చేవారు కాదు. రేకుల మీద వాన మొదలైతే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి రోడ్డు చూసేవారని రూతమ్మ గారు చెప్పారు. "ఎవరొచ్చార్రా అంటే ఎవరూ లేరంటాడు సుగుణా. మరి చూడ్డం ఎందుకు?" అని ఆమె నన్నే అడిగారు.

గుర్‌దీప్ రెండుసార్లు ఢిల్లీ వచ్చాడు. రెండుసార్లూ ఆయన ఇంట్లో లేకుండా జాగ్రత్తపడ్డారు. రెండోసారి గుర్‌దీప్ సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, రూతమ్మ గారి చేతి పెరుగన్నం తిని వెళ్ళిపోయాడు. అది తెలిసి నేను కోపంతో నిలదీశాను. మా ఇంటి వరండాలో, పగలే, టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన చెప్పారు. ఆయన మాటలు ఆయనవిగానే ఇస్తున్నాను.

"నేను కిందపడ్డాక మలుపులో టాక్సీ మండటం చూశాను సుగుణా. నేను పాట పాడి ఆ గుంపుని ఎక్కడ ఆపాను? ఆ మలుపు దగ్గరే గదా. పాడకపోతే వాళ్ళు ముందుకి పోయుండేవాళ్ళు. సర్దార్జీ వచ్చేసరికి ఆ మలుపు ఖాళీగా ఉండేది. పోగేసింది నేను. నా పాటే వాళ్ళని అక్కడ నిలబెట్టింది. గుర్‌దీప్ మొకం ఎట్టా చూడను?"

"మీరు ముగ్గుర్ని బతికించారన్నయ్యా."

ఆయన గ్లాసు పక్కన పెట్టారు. టీ చల్లారిపోయింది.

"ఇంకోటి చెప్తాను. అమ్మకి చెప్పకు. వాళ్ళు తాళం తప్పలేదు. ఒక్కడు గూడా తప్పలేదు. ఆ రోజు పాట కుదిరినట్టు నా జన్మలో ఎప్పుడూ కుదరలేదు. నాకు సంతోషమేసింది సుగుణా. ఒళ్ళు పులకరించింది. ఆ ఒక్క చరణంలో నాకు గోడ గుర్తు లేదు, బీజీ గుర్తు లేదు. వాళ్ళు బాగా పాడతన్నారనే అనుకున్నా. ఆ చేతుల్లో ఏముందో కనపడతానే ఉంది, అయినా బాగుందనిపించింది. ఇంక జనం ముందు ఎట్టా నిలబడతాను? ఎవరు చప్పట్లు కొట్టినా నాకు ఆ చప్పట్లే."

ఆ తరువాత ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. ఆయన గొంతు ఆ తరువాత బతికిన నాలుగేళ్ళలో ఇంకా మెత్తబడింది, మాట ఇంకా తగ్గింది. ఆయన నేర్పిన గాయకబృందం నగరంలోకెల్లా ఉత్తమమైనదని పేరు తెచ్చుకుంది. ఆ ప్రశంసను కూడా పక్క తలుపులోంచే తప్పించుకున్నారు.

భూస్థాపన రోజున చర్చి పట్టలేదు. మన తెలుగు కుటుంబాలు ముందు వరసల్లో. వెనకాల, గోడల వెంట, బయట మెట్ల మీద, నాకు పేర్లు తెలియని మనుషులు. బొజ్జలు పెరిగినవారు, జుట్టు పలచబడినవారు, పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్ళు. ఆ ముఖాలు నేను గుర్తుపట్టాను. ఎండలో పచ్చిక మీద కూర్చున్న ముఖాలే. వాళ్ళను చూస్తూ నాలో ఒక భయం కదిలింది. వీళ్ళలో ఆ కుర్రాడు కూడా ఉన్నాడా? ఉంటే, ఏడుస్తున్నాడా? తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ఆ ప్రశ్నను ఆయన నాకు వారసత్వంగా ఇచ్చి వెళ్ళారు.

గుర్‌దీప్ రాత్రి బండిలో లూధియానా నుంచి వచ్చాడు. తలపాగా కింద ముఖం బాగా ముదిరింది. రూతమ్మ గారి చెయ్యి పట్టుకుని సమాధి దాకా నడిపించింది అతడే. అందరూ వెళ్ళాక, దానియేలు అన్నయ్య అతణ్ణి ఎందుకు తప్పించుకు తిరిగారో నేను చెప్పాను. మలుపులో మండిన టాక్సీ గురించీ, ఆ సంతోషం గురించీ, రెండూ చెప్పాను. చనిపోయినవారి మాట దాచడం కంటే అతనికి అందించడమే ధర్మమనిపించింది.

గుర్‌దీప్ నా వైపు వింతగా చూశాడు. "దీదీ, వో హమారీ టాక్సీ నహీఁ థీ," అన్నాడు. అది మా టాక్సీ కాదు. తండ్రిని స్టేషను దగ్గరి వంతెన కింద, ఆ ఉదయమే చంపారట. ఆ గుంపు వాళ్ళ వీధికి రాకముందే. తండ్రితో కలిసి టాక్సీ నడిపిన మనిషి కొన్ని నెలల తరువాత లూధియానా వచ్చి చెప్పాడట. "అది చెప్పడానికే వచ్చాను, రెండుసార్లూ. పాపాజీ ఆ సందు దాకా రానేలేదని చెప్పడానికి."

నేను అక్కడున్న రాతి గట్టు మీద కూర్చున్నాను. కొంతసేపటికి అతనే మళ్ళీ, హిందీలో, నెమ్మదిగా అన్నాడు: "ఆ సంతోషం సంగతి. నేను గోడ మీద ఉన్నాను దీదీ. బీజీని అటు అందిస్తున్నాను. అంతా వినిపిస్తోంది. నాకు కూడా బాగుందనిపించింది. భయంతో చచ్చిపోతున్నాను, అయినా నా వేళ్ళు ఇటుక మీద తాళం వేశాయి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనొక్కరికే చెప్పగలిగేవాణ్ణి."

ఈ నగరంలో పాడేవాళ్ళు ఇంకా పుడతారు. ఆయన కంటే పెద్ద వేదికలెక్కుతారు, పెద్ద జనాన్ని ఆడిస్తారు. కాని పాడే ముందు వినేవాడు, వంగిన వెదురు మాటున చిన్న అరుపును పట్టుకోగలిగినవాడు, తనకు లభించిన చప్పట్లకు ఇంత మూల్యం చెల్లించినవాడు మళ్ళీ రాడు. ఆయన నేర్పిన కీర్తనను వచ్చే ఆదివారం గాయకబృందం పాడుతుంది. ఆయన స్థానంలో నిలబడమని నన్ను అడిగారు. నిలబడతాను. సభ వైపు తిరిగి నిలబడాలా, వీపు చూపించి నిలబడాలా అన్నది ఇంకా నిశ్చయించుకోలేకుండా ఉన్నాను.

నివాళి అని పూలు పెట్టాను, దీపం పెట్టాను, ఇంత రాశాను. చెప్పవలసింది మాత్రం ఒక్కటే మిగిలింది. ఆలస్యమైందని తెలిసీ చెబుతున్నాను.

అన్నయ్యా, ఆ మలుపులో మండింది వాళ్ళ టాక్సీ కాదు.